కాగజ్‌ల హుకూమత్

హిసాబ్ అడగొద్దని నేనెన్నడూ అనను. అవామ్ పైసలతో నడిచే యూనివర్సిటీ పైసా పైసాకు జవాబు చెప్పాల్సిందే. కానీ ఢిల్లీ దఫ్తర్లు హిసాబ్ పేరుతో పరిశోధన చేసే పిల్లల ఊపిరి తీస్తున్నాయి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి గరీబు పిల్లల్లో చాలామందికి పీహెచ్‌డీ అంటే కాకతీయ యూనివర్సిటీయే. యూజీసీ వజీఫా వచ్చిందని ఖుషీ పడితే సరిపోదు. ప్రతి నెలా యూనివర్సిటీలో ఒక ‘మేకర్’ కెనరా బ్యాంక్ పోర్టల్లో పేరు ఎక్కించాలి, ఒక ‘చెకర్’ మంజూరు కొట్టాలి. గుమాస్తా సెలవులో ఉన్నాడా, వజీఫా ఆగినట్టే. ఐఐటీల్లో ఈ పనులకు డీన్లు, అకౌంటెంట్లు ఫౌజు లెక్క ఉంటారు. మా దిక్కు గైడే గుమాస్తా, స్కాలరే చప్రాసీ. తండా నుంచి వచ్చిన బిడ్డ ల్యాబ్ వదిలి సంతకం కోసం తిరుగుతుంటే ఇదేం తాలీమ్?

పన్ను సంగతి ఇంకా అజీబ్. శాస్త్ర పరికరాల మీద 5 శాతం జీఎస్టీ రియాయత్‌ను 2022 జులైలో ఎత్తేశారు. గ్రాంటు ఇచ్చేదీ సర్కారే, అందులోంచి కోసుకునేదీ సర్కారే. అంతటితో సబర్ లేదు, గ్రాంట్ల మీదే పన్ను కట్టమని నోటీసులు. ఐఐటీ ఢిల్లీకి వచ్చింది సుమారు 120 కోట్లది. లొల్లి అయ్యాక 2024 సెప్టెంబర్‌లో మాఫీ చేశారు. జెమ్ పోర్టల్లోనే కొనాలన్న షర్తు 2025 జూన్‌లో గానీ వదులు కాలేదు. ఐఐటీలు మొత్తుకుంటే ఢిల్లీకి వినబడింది. ఒక్క వరంగలే మొత్తుకుంటే?

2025 జనవరిలో యూజీసీ ముసాయిదా తెచ్చింది. వైస్ ఛాన్సలర్‌ను వెతికే కమిటీలో రాష్ట్ర సర్కారుకు కుర్చీ లేదు. జీతాలు మాత్రం రాష్ట్రమే ఇవ్వాలి! మాట వినని యూనివర్సిటీ యూజీసీ స్కీములకు దూరం. కాకతీయ వీసీగా చేసిన జయశంకర్ సార్ పేరు భూపాలపల్లి జిల్లాకు పెట్టుకున్నాం. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో మాత్రం మన మష్వరా అక్కర్లేదట. తెలంగాణ సర్కారు ఎతిరాజ్ చెప్పింది, సరైన పనే.

2009 నుంచి మైనారిటీ పిల్లలకిచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను బంద్ చేస్తున్నామని 2022 డిసెంబర్‌లో పార్లమెంటులో చెప్పేశారు. వజహ్ ఏంటంటే, వేరే స్కీములు ఉన్నాయట. కాగజ్‌లు తగ్గించడానికి వాళ్లకు దొరికింది అదొక్కటే!

నా ముతాలబా చిన్నది. వజీఫా ఒకటో తారీఖున ఖాతాలో పడాలి, కాగజ్‌లు ఏడాదికోసారి అడగండి. ఒకే లెక్కను న్యాక్‌కు, ఎన్ఐఆర్ఎఫ్‌కు, యూజీసీకి వేర్వేరుగా రాయించడం ఆపండి.