రహదారియు – చంద్రవంకయు

పల్నాటి సీమకు మంచి దారులు కావలెననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. రోగిని సకాలమున ఆసుపత్రికిని, రైతు పంటను అంగడికిని చేర్చునది దారియే. అయినను ఆ దారి వలన ఏమి కోల్పోవుదుమో ముందుగా విచారింపక పలుగు పట్టుట వివేకము కాదు.

మాచర్ల నుండి నాగార్జునసాగరుకు పోవు దారి నేడు 565వ జాతీయ రహదారిలో భాగము. దాని చెంతనే ఎత్తిపోతల యున్నది. అచ్చట చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తు నుండి దుమికి, ముందుకు సాగి కృష్ణలో కలియుచున్నది. క్రింది మడుగులో మొసళ్లు కలవు. సమీపారణ్యములు 1983లో పెద్దపులుల సంరక్షణ పథకమున చేరిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యమునకు చెందినవి. ఇట్టిచోట గుట్టను త్రవ్వినచో వదులైన మట్టి తొలి వానకే వాగున చేరును. తూములు ఇరుకైనచో వరద పొలముల మీదికి మళ్లును. రాత్రివేళ దారి దాటు జంతువు చక్రముల పాలగును. కర్ణాటకలోని బందీపూరు అడవి దారులలో 2009 నుండి రాత్రి రాకపోకలను నిషేధించినది ఇందుకే.

మన దేశమున పర్యావరణ ప్రభావ అంచనాను 1994లో కొన్ని నిర్మాణములకు తప్పనిసరి చేసిరి. 2006లో ఆ నిబంధనలను తిరిగి వ్రాసిరి. 2013 సవరణ ప్రకారము, ఉన్న మార్గముననే జాతీయ రహదారిని విస్తరించునపుడు పొడవు 100 కిలోమీటర్లకును, అదనపు భూమి వెడల్పు 40 మీటర్లకును మించిననే ఈ పరీక్ష అవసరము. చిన్న విస్తరణలు దీని నుండి తప్పించుకొనును. అటవీ, వన్యప్రాణి చట్టముల అనుమతులు వేరుగా నున్నను, అవి వాగును, చేనును, పల్లెను ఒక్కచో చేర్చి చూడవు. మడుగులోని మొసలికి కిలోమీటర్ల లెక్క తెలియదు గదా!

బహిరంగ విచారణ జరిగిన చోటనైనను పూర్తి నివేదిక ఆంగ్లమున నుండును. స్థానిక భాషలో లభించునది సంగ్రహమే. 2020 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు, నాటి ముసాయిదా నిబంధనలను ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోనికి అనువదింపవలెనని ఆదేశించినది. తెలుగు, ఉర్దూ రెండును అందులోనివే.

ఈ రెండు భాషలు ఒకే కప్పు క్రింద చదువుకొను కళాశాల మనది. కావున కళాశాల కమిటీవారికి మా విన్నపము: వేసవిలో ఒకసారి, వానలలో ఒకసారి విద్యార్థులను చంద్రవంక వెంట పంపుడు. వాగు నీటిలోని మట్టిని, దారి తూములను, దారిపై మరణించిన జంతువులను లెక్క వ్రాయింపుడు. నేటి స్థితి నమోదు కానిచో రేపటి నష్టమును నిరూపించుట ఎవరి తరము? ఆ లెక్కలను తెలుగున, ఉర్దూన వ్రాసి పల్లెలలో చదివి వినిపించు బాధ్యత విద్యార్థులమైన మేము వహింతుము.