కారు చూశాం, కథ చూడలేదు

రెడ్‌మండ్‌లో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే మాటలు తిరిగి తిరిగి మూడు విషయాల దగ్గరికే చేరతాయి: ఇల్లు, గ్రీన్‌కార్డు, కారు. ఇంటి ధర మన చేతిలో లేదు. గ్రీన్‌కార్డు అసలే లేదు. కారు ఒక్కటే, సంతకం పెడితే సాయంత్రానికి గరాజ్‌లోకి వచ్చేస్తుంది. అందుకే కాబోలు, దాని గురించి మాట్లాడేటప్పుడే మన గొంతు కాస్త లేస్తుంది.

ఈమధ్య వీటికి తోడు సైన్స్ ఫిక్షన్ సినిమాలు కూడా మాటల్లోకి వచ్చాయి. సంతోషమే. కానీ కాస్త చెవి పెట్టి వింటే అది కొత్త విషయం కాదని తెలుస్తుంది. అదీ కారు కబురే. మనం సైన్స్ ఫిక్షన్‌లో కారునే చూస్తున్నాం, కథని చూడటం లేదు. ఆ కథ మన గురించే అయినా చూడటం లేదు. నా ఫిర్యాదల్లా ఇదే.

రిడ్లీ స్కాట్ 1982లో తీసిన 'బ్లేడ్ రన్నర్' సంగతి తీసుకోండి. ఆ కథ జరిగేది 2019 నవంబరులో, లాస్ ఏంజెలెస్‌లో. సరిగ్గా ఆ నెలలోనే, ఆ లాస్ ఏంజెలెస్ పరిసరాల్లోనే, టెస్లా కంపెనీ సైబర్‌ట్రక్‌ని జనానికి చూపించింది. ఆ బండి రూపం మీద ఈ సినిమా ప్రభావం ఉందని ఎలాన్ మస్కే చెప్పాడు. గట్టి అద్దమని చెప్పి దాని మీద ఇనపగుండు విసిరితే వేదిక మీదే అది పగిలింది. ఇదంతా మనవాళ్ళు పూసగుచ్చినట్టు చెబుతారు. మరి సినిమాలో ఏముంది? అని అడిగితే, ఎగిరే కార్లు, వాన, నియాన్ దీపాలు.

సినిమాలో ఉన్నది వేరు. మనుషుల్ని పోలిన మనుషుల్ని ఒక కంపెనీ తయారు చేస్తుంది. భూమికి దూరంగా ఉన్న కాలనీల్లో చాకిరీకి పంపుతుంది. వాళ్ళ ఆయుష్షు నాలుగేళ్ళు, అది పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటుంది. వాళ్ళలో కొందరు పారిపోయి భూమికి వచ్చి, తమని తయారుచేసినవాడిని వెతికి పట్టుకుని అడిగేది ఒక్కటే: ఇంకొంచెం గడువు.

హెచ్1బి వీసా మీద బతికేవాడికి ఈ కథ ఎవరైనా విడమరచి చెప్పాలా? మూడేళ్ళు ఇస్తారు, మరో మూడేళ్ళు పొడిగిస్తారు. ఆ తర్వాత గ్రీన్‌కార్డు వరసలో నిలబడి, మళ్ళీ మళ్ళీ పొడిగింపులు అడుక్కోవాలి. భారతదేశంలో పుట్టినవాళ్ళకి ఆ వరస పదేళ్ళు దాటిపోయింది. మధ్యలో ఉద్యోగం పోతే అరవై రోజుల్లోపు ఇంకో ఉద్యోగమో, ఇంకో దారో వెతుక్కోవాలి. తేదీ వేసిన కాగితాల మీద ఉంటున్న మనం, తేదీ వేసిన మనుషుల కథ చూసి, బండి బాగుందని లేచి వచ్చాం.

ఇంగ్లీషు సినిమా కదా, ఎక్కలేదేమో అనుకుందాం. మరి మన సినిమా? 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో ప్రభాస్ వేసిన భైరవ ఎవరు? అద్దె ఎగ్గొడుతూ, చేతికందిన పని చేస్తూ, ఎలాగైనా పది లక్షల యూనిట్లు కూడబెట్టి, పైన ఉన్న కాంప్లెక్స్‌లోకి వెళ్ళాలని తపించేవాడు. కింద కాశీలో నీళ్ళకి కరువు. పైన పచ్చదనం, సుఖం. ఆ సుఖం వెనక లోపల ఆడవాళ్ళ శరీరాల మీద ఏం జరుగుతోందో అతను అడగడు. అతనికి కావలసింది లోపలికి వెళ్ళడానికి సరిపడా లెక్క.

గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో బయల్దేరి ఇక్కడికి చేరిన మనిషికి ఇంతకంటే దగ్గర కథ ఏముంటుంది? కానీ మనకి దక్కింది బుజ్జి. సినిమాకి నెల ముందే రామోజీ ఫిల్మ్ సిటీలో ఆ బండికి విడిగా ఒక వేడుక చేశారు. దాన్ని మహీంద్రా, కోయంబత్తూరు జయం సంస్థలతో కలిసి తయారు చేశారు. దాని బరువు ఆరు టన్నులు. దాన్ని నడపడానికి రమ్మని దర్శకుడు నాగ్ అశ్విన్ మస్క్‌ని ఆహ్వానించాడు కూడా. ఇవన్నీ మనకి కంఠతా వచ్చు. భైరవ అప్పు ఎంతో ఎవరికీ గుర్తులేదు.

సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' 1991లో వచ్చింది. అందులోనూ యంత్రం ఉంది. కానీ దాన్ని ఎవరూ ఇంటికి తెచ్చుకోవాలనుకోలేదు. అది మనల్ని కృష్ణదేవరాయల కొలువుకి తీసుకెళ్ళింది, అణుయుద్ధం తర్వాత జనం నేల కింద బతికే 2504కీ తీసుకెళ్ళింది. యంత్రం మర్చిపోయినా, వెళ్ళిన చోట్లు గుర్తున్నాయి.

"సినిమాని సినిమాగా చూడాలి, నా డబ్బు నా ఇష్టం" అంటారు. ఇష్టమే. డబ్బు సంగతి లెక్క వేసి చూద్దాం. యాభై వేల డాలర్ల అప్పు, ఆరు శాతం వడ్డీ, ఆరేళ్ళ గడువు. నెలకి సుమారు 830 డాలర్లు. మూడేళ్ళ వీసా గడువు ముగిసే రోజున ఇంకా 27 వేల పైచిలుకు బాకీ. ఆరేళ్ళ అప్పు, మూడేళ్ళ వీసా, అరవై రోజుల వెసులుబాటు. 2025లో మైక్రోసాఫ్ట్ మే నెలలో దాదాపు ఆరువేల మందిని, జులైలో దాదాపు తొమ్మిది వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి రోజున ఆ కిస్తీ ఎవరి ఇష్టాన్నీ అడగదు.

"కరెంటు కారు పర్యావరణానికి మంచిది" అనేవాళ్ళూ ఉన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో తయారయ్యే కరెంటులో ఎక్కువ భాగం నీటి నుంచే వస్తుంది గనక ఆ మాటలో నిజముంది. కానీ నిక్షేపంగా నడిచే బండిని మూడేళ్ళకే మార్చేవాడి నోట అది నప్పదు. పైగా 2025 మే నుంచి రెడ్‌మండ్ నడిబొడ్డుకే రైలు వస్తోంది. ఊరు తనని తాను వాయవ్య ప్రాంతపు సైకిల్ రాజధానిగా చెప్పుకుంటుంది. పర్యావరణం మీద అంత ప్రేమే ఉంటే ఆ రెండూ మన మాటల్లోకి ఎందుకు రావు?

స్వదేశంలో ఉన్న పాఠకులూ, ఇందులో మీకూ వాటా ఉంది. ఫోనులో మీ మొదటి ప్రశ్న "ఏం కారు కొన్నావురా?" చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తీసిన ఫోటో మీకు చేరేదాకా మావాడు ఇక్కడ కుదురుకున్నట్టు కాదు. ఆ ఫోటో పెళ్ళి సంబంధాల్లో ఏ పని చేస్తుందో నేను చెప్పనక్కర్లేదు. "నీ కాగితాలు ఎంతవరకు వచ్చాయి, ధైర్యంగా ఉన్నావా?" అని ముందుగా ఒక్కసారి అడిగి చూడండి.

కారు మానెయ్యమని నేను అనను. ఈ దేశంలో చాలాచోట్ల అది లేనిదే పాల ప్యాకెట్ కూడా రాదు. బండిని బండిగా కొనుక్కోమంటున్నాను. అది మన స్థిరత్వానికి సాక్ష్యమని మనల్ని మనం నమ్మించుకోవద్దంటున్నాను.

ఇంకొకటి, రాసేవాళ్ళకి. స్టార్‌లింక్ ఉపగ్రహాలు తయారయ్యే ఊరు ఇది. కృత్రిమ మేధకి పని నేర్పుతూ, ఆ మేధ తన కుర్చీని ఎప్పుడు లాక్కుంటుందోనని లెక్కలు వేసుకునే తెలుగువాళ్ళు ఇక్కడ వీధికి పదిమంది ఉన్నారు. కాంప్లెక్స్‌లోకి వెళ్ళడానికి ఎన్ని యూనిట్లు కావాలో, వెళ్ళాక ఎన్నాళ్ళు ఉండనిస్తారో వీళ్ళకి తెలిసినంతగా ఏ హాలీవుడ్ రచయితకీ తెలియదు. తెలుగులో రావలసిన సైన్స్ ఫిక్షన్ వీళ్ళ దగ్గరే ఉంది. అందులో కారు ఉన్నా ఫర్వాలేదు. దాన్ని నడిపేవాడి బాకీ ఎంతో, గడువు ఎప్పటిదాకానో కూడా రాయండి.