నారు పొట్టిగా వుంటే చాలునా?

మిరప నారు సన్నగా, పొడుగ్గా సాగిపోతే రైతు కొనడు. కొని నాటినా గాలికి పడిపోతుంది. అందుకని యెదుగుదల ఆపే మందు కొట్టండని నర్సరీలకు సలహాలు చెప్పేవాళ్లు తయారయ్యారు. ఈ మందు సంగతి కూలీలం మనం తెలుసుకోవాలి.

మొక్క కాండాన్ని సాగదీసేది మొక్కలోనే తయారయ్యే జిబ్బరెల్లిన్. క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్, పాక్లోబ్యూట్రజాల్ వంటి మందులు దాని తయారీకి అడ్డుపడతాయి. కణుపులు దగ్గరపడి, ఆకు ముదురు పచ్చగా మారి, నారు చూపుకు దిట్టంగా కనబడుతుంది. మోతాదు మించితే మాత్రం పొలంలో నాటాక కూడా మొక్క లేవదు. పాక్లోబ్యూట్రజాల్ మట్టిలో చాలాకాలం నిలిచివుంటుంది. నర్సరీ యజమాని నారు అమ్ముకుని చేతులు దులుపుకుంటాడు. వడ్డీకి డబ్బు తెచ్చి కొన్న కౌలురైతు మునుగుతాడు.

అసలు నారు యెందుకు సాగుతుంది? విత్తనం ఒత్తుగా పోయడం, నీడ యెక్కువ కావడం, యూరియా, నీళ్లు మితిమీరడం. వానలు ఆలస్యమై ఆరు వారాల నారు అక్కడే ముదిరిపోవడం. పల్చగా పోసి, వెలుతురు తగలనిచ్చి, నాటేముందు వారం రోజులు నీరు తగ్గిస్తే నారు దానంతటదే గట్టిపడుతుంది. మన ఆడకూలీలకిది కొట్టిన పిండి. అయితే పల్చగా పోయాలంటే చోటు కావాలి, కనిపెట్టి చూడాలంటే మనిషి కావాలి, మనిషికి కూలి యివ్వాలి. ఆ ఖర్చు తప్పించుకోడానికే యజమాని సీసా వైపు చూస్తాడు.

మరి ఆ మందు కొట్టేదెవరు? వట్టి చేతులతో కలిపి, మూతికి తువ్వాలు చుట్టుకుని కొట్టేది మన పిల్లలే. తడి ఆరని ట్రేలు మోసేది, నారు పీకేది మన ఆడవాళ్లే. 1968 నాటి పురుగుమందుల చట్టం పరిధిలోకి యీ మందులు కూడా వస్తాయి. మందు కొట్టేవారికి రక్షణ దుస్తులు వుండాలని 1971 నాటి నియమాలు చెప్పాయి. అవి యెన్ని నర్సరీల్లో కనబడుతున్నాయి?

మందు అనగానే వద్దనడం మా వాదన కాదు. మేము కోరేది మూడే. ఏ మందు, ఎంత, ఎప్పుడు కొట్టారో నారు కొనే రైతుకు రాసివ్వాలి. కొట్టే కూలీకి చేతి తొడుగులు, దుస్తులు, కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ యివ్వాలి. ఒంట్లో బాగాలేక ఆగిపోతే ఆ రోజు కూలి కోయకూడదు.

నారు చెడితే నష్టపోయేది కౌలురైతు, మందు పీల్చేది కూలీ. యజమాని దగ్గరకు యిద్దరూ కలిసి వెళ్లాలి. విడివిడిగా అడిగితే యిద్దరికీ దక్కేది శూన్యమే.