డ్రైవరు చూపు తెర మీద - పల్లెవాసుల ప్రాణం రోడ్డు మీద

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వెలిశాక ఆ చుట్టుపక్కల గ్రామాల వారికి కొత్త కారు వింత కాకుండా పోయింది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి మార్కెట్లోకి వచ్చిన కియా సెల్టోస్ పై రకాల్లో స్టీరింగు పక్కన 10.25 అంగుళాల తెర అమర్చారు. ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీలదీ అదే దారి. పెళ్లికైనా, ఆసుపత్రికైనా పల్లెకు వచ్చే అద్దె కారులోనూ టీవీ లాంటి పలక కనిపిస్తోంది. పాట, ఫోను, దారి చూపే పటం, కొన్ని బండ్లలో ఏసీ కూడా ఆ అద్దం మీద వేలు పెడితేనే పని చేస్తాయి.

ఆ పలకను ఎలా తీర్చిదిద్దాలన్నది ఇంజనీర్ల వ్యవహారమని రైతులు అనుకుంటే పొరపాటే. కారున్న వాడి కంటే కారు లేని వాడికే అది ఎక్కువ అవసరమైన సంగతి. డ్రైవరు తల తిప్పి తెరను చూసే రెండు క్షణాల్లో బండి ముందు వుండేది గొర్రెల కాపరి, సైకిలు మీద బడికి పోయే పిల్ల, తారు రోడ్డు మీద కందికట్టె పరిచిన కూలీ.

చేతికి తెలిసిన మీటలు

2014 దాకా తయారైన అంబాసిడర్ కారులో హంగులు తక్కువే. అయితే వైపరు మీట ఎక్కడుందో, లైటు మీట ఎక్కడుందో డ్రైవరు చేతికి తెలుసు. కళ్లు రోడ్డు మీదనే వుండేవి. మడక దున్నే రైతు మేడి వంక చూడడు. చెయ్యి మేడి మీద, చూపు చాలు మీద. బండి నడిపేవాడి పద్ధతీ అదే కావాలి. నున్నటి అద్దానికి మిట్టపల్లాలు లేవు. ఏ బొమ్మ ఎక్కడుందో వేలికి తగలదు. చూడక తప్పదు. చత్వారం వచ్చిన డ్రైవరుకు దగ్గరి చిన్న అక్షరాలు కుదురుగా కనిపించవు. ఎండ పడితే తెర మెరుస్తుంది. చీకట్లో దాని వెలుగు కంటికి కొట్టి ఎదుటి రోడ్డు మసకబారుతుంది.

ఈ తెర నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికాలో బ్యూక్ రివియెరా అనే కారుకు 1986లోనే వేలితో తాకే తెర పెట్టారు. డ్రైవర్ల చూపు మళ్లుతోందన్న విమర్శలు వచ్చాయి. కొన్నేళ్లకే దాన్ని తీసేశారు. 2012లో టెస్లా కంపెనీ 17 అంగుళాల తెరతో మోడల్ ఎస్ కారును తెచ్చాక మళ్లీ పోటీ మొదలయింది. ఇందులో ఖర్చు లెక్క కూడా వుంది. ప్రతి మీటకూ అచ్చు, తీగ, బిగించే మనిషి కావాలి. ఒక్క తెర పెడితే అవన్నీ మిగులుతాయి. ఆ మిగులు కంపెనీకి. ముప్పు మాత్రం రోడ్డు మీది వారికి.

పరీక్షలో తేలిన నిజం

స్వీడన్ దేశంలో ఒక కార్ల పత్రిక 2022లో ఈ విషయాన్ని పరీక్షకు పెట్టింది. 11 కొత్త కార్లు, వాటి పక్కన 2005 నాటి పాత వోల్వో ఒకటి తీసుకున్నారు. విమానాలు దిగే మైదానంలో గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ రేడియో స్టేషను పెట్టడం, వేడి సర్దడం వంటి నాలుగు పనులు చేయమన్నారు. మీటలున్న పాత వోల్వోలో 10 సెకన్లలో పని ముగిసింది. అప్పటికి బండి 306 మీటర్లు పోయింది. అన్నిటికంటే వెనుకబడిన కొత్త కారులో అవే పనులకు 44.6 సెకన్లు పట్టింది. ఆ లోగా కారు 1,372 మీటర్లు, అంటే దాదాపు కిలోమీటరున్నర దూరం పోయింది.

అంత వేగం మన పల్లె రోడ్ల మీద వుండదని కొందరనవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు తెర చూస్తే 44 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్లే. వెనుక లైటు లేకుండా వేరుశనగ కట్టె వేసుకుని పోయే ట్రాక్టరు ఎదురయ్యేందుకు ఆ దూరం చాలు.

జర్మనీలో ఒక డ్రైవరు వాన పడుతుండగా వైపరు వేగం మార్చడానికి తెర మీద వేలు పెట్టి, రోడ్డు తప్పి చెట్లను ఢీకొన్నాడు. అక్కడి కోర్టు 2020లో అతని జరిమానాను, నెల రోజుల డ్రైవింగు నిషేధాన్ని ఖాయం చేసింది. వైపరును తెరలో దాచింది కంపెనీ. శిక్ష పడింది డ్రైవరుకు. 2017 ఆగస్టులో సింగపూరు దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక ట్యాంకరు ఓడను ఢీకొని 10 మంది నావికులు చనిపోయారు. నడిపే పనిని తెరల మీద ఒకచోటి నుంచి ఇంకో చోటికి మార్చడంలో వచ్చిన గందరగోళం అందుకు ఒక కారణమని విచారణలో తేలింది. ఆ తరువాత అమెరికా నౌకాదళం చేతితో పట్టుకునే మీటలను తిరిగి తేవడానికి నిర్ణయించింది.

తెర తీసేయమని కాదు

తెరతో మేలు లేకపోలేదు. బండి వెనక్కు తీసేటప్పుడు చక్రాల దగ్గర ఆడుకునే పసివాణ్ణి చూపేది ఆ తెరే. తెలియని వూళ్లో తెలుగులో దారి చెప్పే పటం డ్రైవరుకు పెద్ద ఆసరా. కావలసింది తెరను రద్దు చేయడం కాదు, దాని హద్దు దానికి గీయడం.

యూరపులో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 జనవరి నుంచి ఆ పని మొదలుపెట్టింది. ఇండికేటర్లు, ప్రమాద సూచిక లైట్లు, హారన్, వైపర్లు, ఆపదలో సాయం పిలిచే మీట - ఈ అయిదింటికీ చేతికి తగిలే మీటలు లేకపోతే మార్కులు తగ్గుతాయి. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ కూడా రాబోయే కార్లలో శబ్దం, వేడి, ఫ్యాను, ప్రమాద సూచిక లైట్లకు మీటలు తిరిగి తెస్తామని 2025లో చెప్పింది.

మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరులో మొదలయ్యాయి. కారు గుద్దుకుంటే లోపలి పెద్దలకు, పిల్లలకు ఎంత రక్షణ వుందో అవి చెబుతాయి. మంచిదే. అయితే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, ప్రతి 10 మందిలో ఆరుగురికి పైగా మోటారు సైకిళ్ల మీది వారు, నడిచిపోయే వారే. ఇన్ని చావులకూ తెరే కారణమని ఎవరూ అనరు. అతివేగం వుంది, తాగుడు వుంది, గుంతలున్నాయి. వున్న ముప్పులు చాలనట్టు కొత్త ముప్పును ఫ్యాక్టరీలోనే బిగించి పంపడం మాత్రం న్యాయం కాదు.

కాబట్టి కేంద్ర రవాణా శాఖ మన నక్షత్రాల లెక్కలోనూ మీటలకు మార్కులు పెట్టాలి. బండి కదులుతున్నంత సేపు సినిమా బొమ్మలు రాకుండా తెర దానంతట అదే మూసుకోవాలి. వేగం అంకెలు పెద్దవిగా వుండాలి. హెచ్చరికలు తెలుగులో కూడా వుండాలి.

అంతదాకా కొనేవారు, అద్దె కారు నడిపేవారు తమ జాగ్రత్త తాము పడాలి. షోరూములో ఆగివున్న బండిలో కూర్చుని, తెర వంక చూడకుండా వైపరు, ప్రమాద సూచిక లైటు, అద్దం మీది మంచు తుడిచే గాలి చేతితో వెదికి చూడాలి. దొరకకపోతే ఆ సంగతి అమ్మేవాడికి మొహం మీదనే చెప్పాలి. దారి పటం బయలుదేరక ముందే పెట్టుకోవాలి. పాట మార్చే పని పక్క సీటు వారికి అప్పగించాలి. పదిమంది కొనేవారు మీటలు అడిగితే కంపెనీలు చేసి యివ్వక మానవు.