కార్బొరేటర్ జోలికెళ్ళే ముందు టైమింగ్ చూడండి

పాత బుల్లెట్ సరిగ్గా లాగట్లేదంటే మనవాళ్ళు మొదట చెయ్యి పెట్టేది కార్బొరేటర్ మీదే. స్క్రూ అటో పావు, ఇటో పావు తిప్పడం, "ఇప్పుడు చూడండి సార్" అనడం. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత మళ్ళీ మొదటికే. లాగ్స్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేసినట్టన్నమాట. నన్నడిగితే, పాయింట్లున్న బండిలో ముందు చూడాల్సింది ఇగ్నిషన్ టైమింగ్. కార్బొరేటర్ వంతు ఆఖర్న.

ఎందుకంటారా? స్పార్కు పడగానే పెట్రోలు ఒక్కసారిగా అంటుకోదు, మంట పాకడానికి ఒకట్రెండు మిల్లీసెకన్లు కావాలి. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక్క మిల్లీసెకనులో క్రాంకు 18 డిగ్రీలు తిరిగేస్తుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్కు పడాలి. మరీ ముందు పడితే ఇంజన్ నాకింగ్ మొదలెడుతుంది, కిక్కర్ ఎదురు తంతుంది, ముదిరితే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. ఆలస్యంగా పడితే ఇంజన్ వేడెక్కుతుంది, లాగదు, మైలేజీ పడిపోతుంది. ఈ రెండో రకం లక్షణాలు అచ్చం కార్బొరేటర్ తప్పులాగే కనిపిస్తాయి. తంటా అంతా అక్కడే.

పైగా ఎవరూ ముట్టుకోకపోయినా టైమింగ్ జరుగుతుంది. క్యామ్ మీద రాసుకునే పాయింటు మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. కాబట్టి ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్. వరుస తప్పితే చేసిన పని వృథా.

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350కి గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఫీలర్ గేజ్‌తో అది సెట్ చేశాక ప్లగ్ తీసి, రెండు వాల్వులూ మూసుకుని ఉండే స్ట్రోకులో పిస్టన్‌ని పైకి తేవాలి. శిఖరానికి ఇంకా 0.8 మి.మీ. ఉందనగా, అంటే క్రాంకు లెక్కలో సుమారు 10 డిగ్రీల ముందు, పాయింట్లు తెరుచుకోవడం మొదలవ్వాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి పెట్టుకుంటే హెడ్‌లైట్ పైనున్న అమ్మీటరే చెప్పేస్తుంది. పాయింట్లు మూసుకుని ఉంటే ముల్లు మైనస్ వైపు ఉంటుంది, తెరుచుకోగానే సున్నాకి వస్తుంది. ఇంకో మాట, పాయింట్ల క్యామ్ తిరిగేది క్రాంకు వేగంలో సగంతో. ప్లేటు ఒక డిగ్రీ జరిపితే స్పార్కు రెండు డిగ్రీలు జరుగుతుంది. "కొంచెమే తిప్పా" అనేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

"ఇవన్నీ ఎందుకండీ, నేను చెవితోనే పట్టేస్తా" అనే మేస్త్రీలున్నారు. వాళ్ళ చెవిని నేను తక్కువ చెయ్యను. చివరి ఒకటి రెండు డిగ్రీలు చెవితోనే, ఎత్తు రోడ్డు మీద నడిపి చూసే సర్దుకోవాలి. కానీ కొలిచిన చోటు నుంచి మొదలెడితేనే తేడా వస్తే వెనక్కి రాగలం. తిప్పేముందు ప్లేటు మీద చిన్న గీత గీసుకోవడానికి కూడా బద్ధకించేవాళ్ళతోనే నా పేచీ. బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్‌లో మార్పులు చేసేవాణ్ణి మన ఆఫీసులో ఊరుకుంటామా?

"పెట్రోలే మారిపోయింది కదా" అనేది ఇంకో వాదన. నిజమే, 2025 నాటికి మన పెట్రోల్లో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్‌తో మిశ్రమం పల్చబడుతుంది. ఇక్కడ తప్పు నిజంగానే కార్బొరేటర్ వైపుది, మార్చాల్సింది జెట్. దాన్ని కప్పిపుచ్చడానికి టైమింగ్ ముందుకు జరిపితే ఇంజన్‌కే ముప్పు. అయితే తప్పు ఎటువైపుందో తేలాలంటే టైమింగ్ సరిగ్గా ఉందని ముందు రూఢి చేసుకోవాలి. ఒకేసారి రెండూ తిప్పితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఆ తిప్పినవాడికీ తెలీదు.

ఫీలర్ గేజ్ పెద్ద ఖరీదేం కాదు. ఈసారి మెకానిక్ దగ్గరకెళ్ళినప్పుడు స్క్రూడ్రైవర్ తియ్యకముందే "గ్యాప్ ఎంతుందన్నా?" అని అడిగి చూడండి. అంకె చెప్పగలిగినవాడికే బండి ఇవ్వండి.

తా.క.: పాయింట్లు మూసుకుని ఉండగా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేయకండి, కాయిల్ వేడెక్కుతుంది. టైమింగ్ మార్చాక మొదటి కిక్ చెప్పులతో కొట్టకండి, బూట్లు వేసుకోండి.