కొయ్య చట్రంలో పాదరసం

ఇంగ్లండులో పాతవస్తువుల వేలం జరిగే గదులలో ఒక్కొక్కప్పుడు మూడడుగుల పైచిలుకు పొడవుగల సన్నని కొయ్య పరికరం ఒకటి గోడకు వేలాడుతూ కనిపిస్తుంది. పైభాగాన వెండిపూత పూసిన రేకు, దానిమీద అంగుళాల గీతలు, వంపుల అక్షరాలలో ఒక పేరు, నడుమ ఉష్ణమాపకం, అడుగున గుండ్రని కొయ్య మూత. కొనవచ్చినవారిలో చాలామంది కొయ్య నునుపును తడిమి చూస్తారు, పేరు చదువుతారు, ధర అడుగుతారు. తెలిసిన మనిషి మాత్రం అనుమతి తీసుకొని, దానిని గోడనుండి మెల్లగా దింపి, పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా పట్టుకొని, కొద్దికొద్దిగా ఒక ప్రక్కకు వంచుతాడు. గాజుగొట్టంలోని పాదరసం పైకి ప్రాకి కొనను తాకిన క్షణాన ‘టిక్కు’మని ఒక చిన్న లోహధ్వని వినిపించాలి. అతడు చెవి ఒగ్గేది దానికోసమే.

ఆ ధ్వని స్పష్టంగా వినవస్తే గొట్టం పైభాగాన శూన్యం తప్ప మరేమీ లేదని అర్థం. ధ్వని మందంగా ఉన్నా, కొనవద్ద చిన్న బుడగ నిలిచిపోయినా, లోపలికి గాలి చొరబడినట్లే. అటువంటి పరికరం చూపే అంకె ఉండవలసినదానికంటె తక్కువగానే ఉంటుంది. స్టిక్ బారోమీటరు అని ఇంగ్లీషువారు పిలిచే ఈ నిలువు బారోమీటరును సేకరించేవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే: కంటికి ఇంపైనది కొయ్య, విలువకు మూలమైనది గొట్టం.

ఈ పరికరం పుట్టినది ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో. గెలీలియో శిష్యుడు ఎవాంజెలిస్టా టారిచెల్లి ఆలోచన ప్రకారం 1643-44 ప్రాంతంలో ఒక ప్రయోగం జరిగింది. ఒకవైపు మూసిన గాజుగొట్టాన్ని పాదరసంతో నింపి, పాదరసమే ఉన్న గిన్నెలో బోర్లించారు. లోపలి పాదరసం పూర్తిగా జారిపోలేదు. గిన్నె మట్టానికి సుమారు 30 అంగుళాల ఎత్తున నిలిచిపోయింది. మనుషులు గాలి సముద్రపు అడుగున జీవిస్తున్నారనీ, ఆ గాలి బరువే పాదరసాన్ని పైకెత్తి నిలిపిందనీ టారిచెల్లి 1644లో ఒక మిత్రునికి రాసిన లేఖలో వివరించాడు. నీటితో ఈ ప్రయోగం చేయాలంటే దాదాపు 34 అడుగుల గొట్టం కావాలి. పాదరసం నీటికంటె 13.6 రెట్లు బరువైనది కనుక మూడడుగుల గొట్టంతో పని తీరింది. 1648 సెప్టెంబరు 19న, పాస్కల్ కోరికపై ఆయన బావ ఫ్లోరిన్ పెరియే ఫ్రాన్సులోని పుయ్ ద దోమ్ అనే కొండపైకి ఇటువంటి గొట్టాన్ని మోసుకొనిపోయాడు. పైకి పోయినకొద్దీ పాదరసం దిగింది. గాలికి బరువున్నదన్న సంగతి ఆనాటితో రుజువైంది.

శాస్త్రజ్ఞుని బల్లమీదినుండి ఇంటి గోడమీదికి ఈ గొట్టాన్ని చేర్చినవారు లండను గడియారాల పనివారు. పదిహేడవ శతాబ్దం చివరి పాతికేళ్ళలో థామస్ టాంపియన్ వంటి మేటి పనివారు ధనికుల ఇళ్ళకు బారోమీటర్లు చేసి ఇచ్చారు. పాదరసం ఒలకకుండా ఎటైనా తీసుకొనిపోగల బారోమీటరుకు డానియల్ క్వేర్ 1695లో పేటెంటు పొందాడు. మొదట్లో చట్రాలకు వాల్‌నట్ చెక్క వాడేవారు. పద్ధెనిమిదవ శతాబ్దంలో మహాగని వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దంలో రోజ్‌వుడ్డు, ఓకు కూడ వాడుకలోకి వచ్చాయి. ఇటలీలోని కోమో సరస్సు ప్రాంతంనుండి వలసవచ్చిన గాజు పనివారు ఇంగ్లండు పట్టణాలలో స్థిరపడి ఈ వృత్తిని విస్తరింపజేశారు. టాలియబువే, నెగ్రెట్టి, జాంబ్రా వంటి ఇటాలియన్ పేర్లు ఇంగ్లీషు బారోమీటర్లమీద కనిపించడానికి కారణం అదే. గడియారంవలె గుండ్రని ముఖం, ముల్లు గల రకం జనాదరణ పొందినకొద్దీ నిలువు రకం వెనుకబడింది. 1844లో లూసియెన్ విడీ పాదరసం అవసరమే లేని లోహపు డబ్బీ బారోమీటరుకు పేటెంటు తీసుకున్న తరువాత గాజుగొట్టానికి నెమ్మదిగా కాలం చెల్లింది.

నిలువు బారోమీటరు కొలతల రేకుమీద సాధారణంగా 28నుండి 31 అంగుళాలవరకు గీతలుంటాయి. వాటి ప్రక్కన మాటలు: 31 వద్ద ‘మిక్కిలి పొడి’, ఇరవైతొమ్మిదిన్నర వద్ద ‘మార్పు’, ఇంకా దిగువన ‘వాన’, 28 వద్ద ‘తుఫాను’. కొత్తగా కొన్నవారు ఈ మాటలను నమ్మి మోసపోతారు. పాదరసం ఎక్కడ ఉన్నదన్నది ముఖ్యం కాదు, ఎటు పోతున్నదన్నది ముఖ్యం. ఈ సత్యాన్ని జనానికి చెప్పడానికి గట్టిగా శ్రమించినవాడు అడ్మిరల్ రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. డార్విన్‌ను ప్రపంచయాత్రకు తీసుకొనిపోయిన బీగిల్ ఓడకు కప్తాను ఆయనే. 1854లో బ్రిటిష్ వాతావరణ కార్యాలయానికి తొలి అధిపతి అయ్యాడు. పేద జాలరుల రేవులలో అందరికీ కనబడేటట్లు బారోమీటర్లు పెట్టించే పనికి పూనుకున్నాడు. 1859 అక్టోబరులో వేల్సు తీరాన రాయల్ చార్టర్ అనే ఓడ పెనుగాలికి రాళ్ళకు కొట్టుకొని సుమారు 450 మంది మరణించిన తరువాత ఆయన తుఫాను హెచ్చరికల ఏర్పాటుకు నడుము కట్టాడు. 1861లో అవి మొదలయ్యాయి. పడవ దించే ముందు జాలరి గోడమీది గొట్టంవంక చూసేవాడు. నిన్నటికంటె పాదరసం బాగా దిగి ఉంటే పడవ ఒడ్డునే ఉండేది.

ఇక్కడ కొనేవారికి ఒక హెచ్చరిక అవసరం. ‘అడ్మిరల్ ఫిట్జ్‌రాయ్ బారోమీటరు’ అన్న పేరుతో అచ్చువేసిన కాగితపు పట్టీలు, గాజుతలుపు గల బారోమీటర్లు నేటికీ విరివిగా అమ్మకానికి వస్తాయి. వీటిలో అధికభాగం 1865లో ఆయన మరణించిన తరువాత, ఆయన కీర్తిని ఆసరాగా చేసుకొని వ్యాపారులు తయారు చేయించినవి. వస్తువుగా అవి ముచ్చటైనవే కావచ్చు; అడ్మిరల్ చేతి వస్తువుల ధర వాటికి ఇవ్వనవసరం లేదు.

రేకుమీది ఇతర పేర్ల విషయంలోను ఇంతే జాగ్రత్త కావాలి. చెక్కిన పేరు చాలాసార్లు తయారు చేసినవానిది కాదు, అమ్మిన దుకాణంవానిది. ఊరి కళ్ళద్దాల వర్తకుడు లండనునుండి పరికరాలు తెప్పించి తన పేరు చెక్కించుకొనేవాడు. అయినా పేరు నిరుపయోగం కాదు. పేరుతోపాటు వీధి చిరునామా ఉంటే, ఆ వర్తకుడు ఆ వీధిలో ఏయే సంవత్సరాలలో ఉన్నాడో పాత చిరునామా పుస్తకాలలో చూసి పరికరం వయస్సు కట్టవచ్చు. 1968లో వెలువడిన నికొలస్ గుడిసన్ గ్రంథం ‘ఇంగ్లీష్ బారోమీటర్స్ 1680-1860’ ఈ పనిలో సేకర్తలకు చిరకాలంగా తోడ్పడుతున్నది.

పేరుకంటె నమ్మదగిన సాక్షి కొలబద్ద. అడుగున తొట్టిలో పాదరసం మట్టం ఎక్కడ ఉంటుందో అక్కడినుండి రేకుమీది 30 అంకెవరకు కొలిస్తే దాదాపు 30 అంగుళాలు రావాలి. అంగుళమో, రెండంగుళాలో తేడా వస్తే ఆ రేకు మరొక పరికరానిది, లేదా తొట్టిని ఎవరో అడ్డదిడ్డంగా మార్చారు. తరువాత చూడవలసినవి మరలు. గాడి కాస్త ప్రక్కకు ఒరిగిన పాత చేతిమరల నడుమ, తలపై కూడిక గుర్తు గల మర ఒక్కటి కనిపించినా, 1930ల తరువాత ఎవరో దానిని విప్పారని తెలిసిపోతుంది. కొయ్యమీద మూసివేసిన పాత రంధ్రాలు, ఒక రేకు ఉండిపోయినచోట వెలగకుండా మిగిలిన ముదురు నీడ, ఉష్ణమాపకం వెనుక సరిపడని గాడి, ఇవన్నీ ఆ వస్తువు గతాన్ని బయటపెడతాయి.

అయితే మరమ్మతు జరిగినంత మాత్రాన వస్తువు చెడ్డదని భావించడం తొందరపాటు. రెండువందల ఏళ్ళలో గాజుగొట్టం పగలకుండా ఉండడమే అరుదు. తగిన పొడవు, తగిన లోపలి వెడల్పు గల కొత్త గొట్టాన్ని నిపుణుడు అమర్చి, ఆ సంగతి దాచకుండా చెప్పి అమ్మితే అందులో తప్పు లేదు. తప్పున్నది మరుగుపరచడంలో. పాత మెరుగును గీకివేసి కొత్త వార్నిషు దట్టించడం, అరిగిన వెండిపూతను అద్దంవలె తోమడం, మూడు విరిగిన బారోమీటర్లనుండి ఒకటి కూర్చి ప్రాచీన వస్తువని చెప్పడం, ఇవి వస్తువుకు, కొనేవానికి కూడ అన్యాయాలు. మరమ్మతు చీటీతో వచ్చిన సామాన్య పరికరం, చీటీ లేకుండా తళతళలాడే గొప్ప పరికరంకంటె మేలు.

ఇంటికి తెచ్చుకోవడంలోను ప్రమాదమున్నది. అడ్డంగా పడుకోబెట్టి కుదిపితే పాదరసం సుత్తివలె గొట్టం కొనను కొట్టి పగులగొడుతుంది. కొన్ని పరికరాలకు అడుగున ఒక మర ఉంటుంది. వంచి పట్టుకొని దానిని నెమ్మదిగా బిగిస్తే తొట్టి అడుగునున్న తోలు పైకి లేచి పాదరసాన్ని గొట్టంలో నింపివేస్తుంది. అప్పుడది కుదుపుకు కదలదు. తోలు శిథిలమై ఉంటే ఆ మర త్రిప్పడమే ముప్పు. పాదరసపు ఆవిరి కంటికి కనబడదు, వాసన రాదు, ఒంటికి విషం. నేలమీద ఒలికితే చీపురుతో ఊడ్వరాదు, యంత్రంతో పీల్పించరాదు. కిటికీలు తెరచి, పిల్లలను దూరంగా పంపి, తెలిసినవారిని పిలవాలి. విమాన ప్రయాణికులు దీనిని మామూలు సామానువలె వెంట తీసుకొనిపోవడం కుదరదు. ఐరోపా సమాజంలో 2009నుండి కొత్త పాదరస బారోమీటర్లను సాధారణ ప్రజలకు అమ్మడం నిలిచిపోయింది. 2007 అక్టోబరు నాటికే యాభై ఏళ్ళు నిండిన పాతవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

భారతీయ సేకర్త మరొక సంగతి గుర్తుంచుకోవాలి. పందొమ్మిదవ శతాబ్దపు మేలురకం బారోమీటర్లలో కొలతల రేకు తరచు ఏనుగుదంతంతో చేసినదై ఉంటుంది. ఎముకతో చేసినదైతే దానిపై సన్నని ముదురు చుక్కలు కనిపిస్తాయి. దంతానికి ఆ చుక్కలుండవు. బ్రిటనులో 2022నుండి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, 1947కు ముందు తయారై, దంతం భాగం పదిశాతంకంటె తక్కువ ఉన్న వస్తువులను నమోదు చేసిన మీదటనే అమ్మాలి. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏనుగుదంతపు వ్యాపారాన్నే నిషేధించింది. ముచ్చటపడి కొన్న వస్తువు నేరానికి సాక్ష్యంగా మారే అవకాశమున్నది.

లండనులో గీసిన ఆ రేకు ఈ దేశానికి సరిపడదు కూడ. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది; అక్కడ పాదరసం 28 అంగుళాల దరిదాపులలోనే నిలుస్తుంది. నిర్మలమైన మాఘమాసపు ఉదయాన కూడ రేకు ‘తుఫాను’ అనే చెబుతుంది. ఉదకమండలంలో పాదరసం 23 అంగుళాల ప్రాంతానికి దిగి, రేకు కిందనే కనుమరుగవుతుంది. పరికరం చెడిపోయిందని తలచి అమ్మివేయనవసరం లేదు. ఊరి ఎత్తు లెక్కలోకి తీసుకుంటే చాలు.

సముద్రతీరంలో మాత్రం దాని విలువ ఈ దేశానికి బాగా తెలిసివచ్చింది. 1789లో కోరంగి రేవును ముంచివేసిన ఉప్పెనను గురించి కూడ రాసిన కలకత్తా పరిశోధకుడు హెన్రీ పిడింగ్టన్, తుఫాను సుడులకు ‘సైక్లోన్’ అన్న పేరు పెట్టాడు. బారోమీటరును చూసి సుడిగాలి రాకను ఎలా పసిగట్టాలో నావికులకు బోధిస్తూ పుస్తకం వ్రాశాడు. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని పెనుతుఫానులు ముంచెత్తాయి. ఒక్క మచిలీపట్నం ప్రాంతంలోనే సుమారు 30,000 మంది మరణించారని లెక్క. ఆ కలకత్తా తుఫాను, తరువాతి అనావృష్టులు కారణాలుగా 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

పందొమ్మిదవ శతాబ్దపు నిలువు బారోమీటర్లు కొన్నింటిపై ప్రక్కప్రక్కనే రెండు జరుపుడు ముళ్ళుంటాయి. ఒకదానిపై ‘నిన్న ఉదయం 10 గంటలు’ అనీ, రెండవదానిపై ‘నేడు ఉదయం 10 గంటలు’ అనీ చెక్కి ఉంటుంది. ఈ దేశపు వాతావరణంలో గాలి ఒత్తిడి రోజుకు రెండుసార్లు, ఇంచుమించు పది గంటలకు హెచ్చుతుంది, నాలుగు గంటలకు తగ్గుతుంది. తీరంలో ఆ తేడా అంగుళంలో పదవవంతు ఉంటుంది. కనుక చూసేవారు రోజూ ఒకే వేళకు చూడాలి. పదిగంటలకు వచ్చి, చట్రాన్ని వేలితో మెల్లగా తట్టి, ఒక ముల్లును నిన్నటిచోటనే ఉంచి, రెండవదానిని పాదరసం మట్టానికి జరపాలి. రెండు ముళ్ళ నడుమ ఉన్న దూరమే ఆ పరికరం చెప్పే మాట. దానిని కొనవచ్చినవారు చివరగా చూడవలసినది కూడ, ఆ రెండు ముళ్ళు ఇప్పటికీ సాఫీగా జరుగుతున్నాయా లేదా అన్నదే.