ముఖానికి కుట్లు సరే, పుర్రె సంగతేమిటి?

ప్రమాదంలో ముఖం చితికిన మనిషిని ఆసుపత్రికి తెచ్చిన బంధువులు తరచుగా అడిగే మొదటి ప్రశ్న: "డాక్టరుగారూ, మచ్చ పడుతుందా?" ఆ ఆవేదనను నేను తప్పు పట్టను. కానీ దానికి లొంగి, ముఖానికి కుట్లు వేసి, నాలుగు మాత్రలు రాసి ఇంటికి పంపే వైద్యాన్ని మాత్రం తప్పు పట్టక తప్పదు.

అలా ఇంటికి వెళ్లిన యువకుడొకడు పదవ రోజున తీవ్ర జ్వరంతో, మెడ బిగుసుకుపోయి నా వార్డుకు వచ్చాడు. అన్నాళ్లూ ముక్కు నుండి నీరు కారుతుంటే జలుబుకు మందు వాడాడట. అది జలుబు కాదు; మెదడు చుట్టూ ఉండే ద్రవం.

ఒక్కసారి ఆలోచించండి. ముక్కుకు పైకప్పు ఏదో, మెదడుకు నేల అదే. కనుగుంట పైకప్పూ అంతే. 1901లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు రెనె లెఫోర్ పై దవడ విరుపులను మూడు రకాలుగా వర్గీకరించాడు. మూడవ రకంలో ముఖపు ఎముకల సముదాయమే పుర్రె నుండి విడివడుతుంది. దానిని ఉత్త "ముఖం దెబ్బ" అనడం ఎంతటి అవివేకం!

"స్కాను పేరిట డబ్బు గుంజుతారు" అని మీరనవచ్చు. అనవసరపు స్కానులు లేవని నేను వాదించను. కానీ స్పృహ తప్పినా, వాంతులైనా, కళ్ల చుట్టూ లేదా చెవి వెనుక కమిలినా, ముక్కు నుండో చెవి నుండో పలుచని నీరు కారినా, సీటీ స్కాను అనవసరం కాదు. అది తీయకపోవడమే నేరం. అటువంటి రోగి ముక్కు చీదరాదు. చీదితే గాలి, దానితోపాటు సూక్ష్మజీవులు పుర్రెలోనికి చేరవచ్చు. ముక్కు గుండా గొట్టం కూడా వేయరాదు; విరిగిన చోటు నుండి అది మెదడులోనికి దూసుకుపోవచ్చు.

చికిత్సకు ఒక క్రమమున్నది. మొదట మెడను కదలనీయకుండా శ్వాసమార్గాన్ని కాపాడాలి. తరువాత రక్తస్రావాన్ని ఆపాలి. ఆపై గ్లాస్గో కొలమానంలో 15కు స్పృహ ఎంత ఉన్నదో చూడాలి. ముఖపు ఎముకలు సాధారణంగా వాపు తగ్గేదాకా కొన్ని రోజులు ఆగగలవు. పుర్రెలో పెరిగే రక్తపు గడ్డ ఆగదు.

ఇక మన మరో జాడ్యం: దవడ ఒకరిది, కన్ను ఒకరిది, మెదడు మరొకరిది. ముగ్గురూ మూడు చీటీలు రాస్తారు. ముగ్గురూ కలిసి ఒక్కసారైనా మాట్లాడుకోరు. రోగి ఒక్కడే కదా!

కనుక ఆ గడియ మీకెదురైతే మచ్చ గురించి తరువాత అడగండి. ముందు అడగవలసినవి మూడు: తలకు స్కాను తీశారా? ముక్కు నుండి కారేది ఏమిటో చూశారా? న్యూరోసర్జనూ, ముఖ శస్త్రనిపుణుడూ కలిసి నిర్ణయించారా? జవాబు దొరికేవరకు అక్కడి నుండి కదలకండి.